జాన్ ఎవరెట్ క్లౌ

జాన్ ఎవరెట్ క్లౌ (జూలై 16, 1836 - నవంబర్ 24, 1910) ఒంగోలు కేంద్రంగా సుమారు నలభై సంవత్సరాలు పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. తెలుగువారు ఈయనను క్లౌ దొర అని పిలిచేవారు. 1876-78 సంవత్సరాల మహా కరవులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకొని, ఆకలితో అలమటిస్తున్న వేలాది పేదలకు కూలి పని కల్పించడం ఈయన జీవితంలో ముఖ్య ఘట్టం. కరవు సహాయం జరుగుతున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా నిలిపివేసిన ఈయనే, సహాయం ముగిసిన తరువాత 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు. ఆంధ్రదేశంలో క్రైస్తవ మత వ్యాప్తికి, దళితుల విద్యకు, సామాజిక చైతన్యానికి సంబంధించిన చరిత్రలో క్లౌ పేరు ప్రముఖంగా కనిపిస్తుంది.

బాల్యము, విద్య

క్లౌ అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ సమీపాన ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. ఈయన చిన్నతనంలోనే కుటుంబం పశ్చిమానికి వలస వెళ్ళి, మొదట ఇల్లినాయి రాష్ట్రంలోను, తరువాత అయోవా రాష్ట్రంలోను స్థిరపడింది. అప్పటికి అవి కొత్తగా సాగులోకి వస్తున్న ప్రాంతాలు. పదిహేడేళ్ళ ప్రాయంలో క్లౌ ప్రభుత్వ భూమి కొలతల బృందంలో చేరి మిన్నెసోటా అడవులలో కొన్నేళ్ళు గడిపాడు. గొలుసు పట్టి భూమి కొలవడం, మట్టాలు తీయడం, మనుషులను కూడగట్టి పని చేయించడం అక్కడ నేర్చుకున్నాడు. అప్పట్లో పొట్టకూటి కోసం నేర్చిన ఈ విద్య, పాతికేళ్ళ తరువాత ఒంగోలు సముద్రతీరపు ఇసుక నేలల్లో వేలమంది ప్రాణాలు నిలబెట్టడానికి ఉపయోగపడింది.

న్యాయవాది కావాలనే ఉద్దేశంతో ఈయన అయోవాలోని బర్లింగ్టన్ పట్టణంలో బాప్టిస్టులు నడిపే కళాశాలలో చేరాడు. ఆ రోజులలో ఈయనకు మతంపై ఆసక్తి లేదు. గదిలో తనతో ఉండే విద్యార్థి రోజూ ప్రార్థన చేసుకోవడం నచ్చక, గది మధ్యలో సుద్దతో ఒక గీత గీసి, ప్రార్థన ఏదైనా గీతకు అవతలే జరగాలని చెప్పాడట. తరువాత కొద్దికాలానికే మనసు మారి, 1858లో బాప్తిస్మం పొందాడు. 1861లో హేరియట్ సండర్లాండ్‌ను వివాహమాడాడు. కొంతకాలం ఉపాధ్యాయుడుగాను, ఊరూరా తిరిగి మతగ్రంథాలు పంచే ఉద్యోగిగాను పనిచేశాడు. పొరుగు దేశాలలో పనిచేయాలని నిశ్చయించుకొని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ సంఘానికి దరఖాస్తు చేశాడు.

ఒంటరి నక్షత్రము

అమెరికన్ బాప్టిస్టులు తెలుగు దేశంలో పని ప్రారంభించినది 1836లో, అంటే క్లౌ పుట్టిన సంవత్సరంలోనే. మొదటి మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఎన్నేళ్ళు గడిచినా చెప్పుకోదగిన ఫలితం లేకపోవడంతో ఈ మిషన్‌ను మూసివేయాలన్న ప్రతిపాదన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1853లో ఆ చర్చ జరిగినప్పుడు శామ్యూల్ స్మిత్ అనే కవి, పటంలో ఒంటరిగా ఉన్న నెల్లూరును నక్షత్రంతో పోలుస్తూ ఒక గేయం రచించాడు. అప్పటినుండి దీనికి ఒంటరి నక్షత్రపు మిషన్ అనే పేరు వచ్చింది.

1849లో వచ్చిన లైమన్ జ్యూయెట్ 1854 జనవరి 1వ తేదీ ఉదయాన ఒంగోలు పట్టణం పక్కనున్న కొండనెక్కి, ఆ ప్రాంతానికి ఒక మిషనరీ రావాలని భార్యతోను, మరికొందరు తెలుగు క్రైస్తవులతోను కలిసి ప్రార్థించాడు. ఆ కొండకు ప్రార్థన కొండ అనే పేరు నిలిచిపోయింది. 1862లో మిషన్ మూసివేత ప్రస్తావన మళ్ళీ వచ్చినప్పుడు, అమెరికాలో ఉన్న జ్యూయెట్ తాను ఒంటరిగానైనా తిరిగి వెళతానని పట్టుబట్టాడు. ఆయనకు తోడుగా పంపబడినవాడే క్లౌ. వీరు 1864 నవంబర్ 30న బోస్టన్ రేవులో ఓడ ఎక్కి 1865 ఏప్రిల్‌లో మద్రాసు చేరారు. క్లౌ నెల్లూరులో తెలుగు నేర్చుకొని, 1866 సెప్టెంబర్‌లో సకుటుంబంగా ఒంగోలుకు మారాడు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది.

ఎర్రగుంట్ల పేరయ్య

క్లౌ పనికి దారి చూపినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. ఈయన తాళ్ళకొండపాడు గ్రామానికి చెందిన మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. రాజయోగ మార్గంలో గురూపదేశం పొంది, తానే కొందరికి గురువైనవాడు. వ్యాపారం నిమిత్తం ఉత్తరాది ఊళ్ళకు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీల బోధ విని ఆకర్షితుడై, 1866లో బాప్తిస్మం పొందాడు. పేరయ్య తన బంధువుల ఊళ్ళన్నీ తిరిగి కొత్త మతాన్ని బోధించాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళేనాటికే చుట్టుపక్కల గ్రామాలనుండి వచ్చినవారు తోపులో ఎదురు చూస్తున్నారు. కొద్ది రోజుల బోధన, ప్రశ్నోత్తరాల తరువాత 28 మందికి బాప్తిస్మం జరిగింది.

ఈ సంఘటనతో క్లౌకు ఒక చిక్కు వచ్చింది. ఆయన ఒంగోలులో పెట్టిన పాఠశాలలో బ్రాహ్మణుల పిల్లలు, ఇతర అగ్రకులాల పిల్లలు చదువుతుండేవారు. వారి పెద్దలు క్లౌతో స్నేహంగానే ఉండేవారు. మాదిగలను చేర్చుకొంటే తాము దూరమవుతామని వారు స్పష్టం చేశారు. ఎటు మొగ్గాలో తోచని స్థితిలో క్లౌ బైబిలు తెరవగా, కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో లోకం నీచంగా చూసేవారిని దేవుడు ఎన్నుకున్నాడని తెలిపే భాగం కనిపించిందని, మరో గదిలో ఉన్న ఆయన భార్య కూడా అదే సమయంలో అదే భాగం చదువుతూ ఉన్నదని ఆయన ఆత్మకథలో ఉంది. ఆయన మాదిగల పక్షం నిర్ణయించుకున్నాడు. అగ్రకులాల పిల్లలు పాఠశాల మానివేశారు.

గ్రామాలలో ఘర్షణ

క్లౌ కొత్తగా చేరినవారికి మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. చూడడానికి ఇవి చిన్న నియమాలే అయినా, గ్రామ వ్యవస్థను కదిలించాయి. మాదిగలు ఊరికి చెప్పులు, మోట తోళ్ళు కుట్టి ఇచ్చేవారు. జాతరలలో డప్పు కొట్టేవారు. కరణం, మునసబు పిలిచినప్పుడు వెట్టికి పోయేవారు. ఫలితంగా పంట నూర్పిళ్ళప్పుడు వారికి కొంత గింజ దక్కేది. డప్పు కొట్టము, ఆదివారం వెట్టికి రాము అని వారు చెప్పేసరికి ఊరి పెద్దలకు కోపం వచ్చింది. కొన్ని ఊళ్ళలో వారికి నీరు, పని నిరాకరించారు. తప్పుడు ఫిర్యాదులపై కొందరు ఠాణాల పాలయ్యారు.

ఇటువంటి ఫిర్యాదులు వచ్చినప్పుడు క్లౌ స్వయంగా గ్రామాలకు వెళ్ళి పెద్దలతో మాట్లాడేవాడు. కుదరనిచో జిల్లా అధికారుల దృష్టికి తీసుకువెళ్ళేవాడు. దీనివలన మతం మారితే దొర అండ దొరుకుతుందనే భావన పేదలలో కలిగిందని, అదే మతమార్పిడికి ఒక కారణమని తరువాతి పరిశీలకులు అభిప్రాయపడ్డారు. ఐతే మతం మార్చుకున్నవారు మొదటి సంవత్సరాలలో లాభంకంటె కష్టమే ఎక్కువ అనుభవించారన్నది కూడా నిజం.

1872లో అమెరికా వెళ్ళిన క్లౌ, అక్కడి సంఘాలలో తిరిగి రామాపట్నంలోని వేదాంత పాఠశాలకు 50 వేల డాలర్ల మూలధనం సమకూర్చి, 1874లో తిరిగి వచ్చాడు. గ్రామాల నుండి వచ్చిన యువకులు ఇక్కడ శిక్షణ పొంది బోధకులుగా, గ్రామ ఉపాధ్యాయులుగా వెళ్ళేవారు.

ధాత కరవు

1876లో వర్షాలు విఫలమయ్యాయి. అది తెలుగు సంవత్సరాలలో ధాత నామ సంవత్సరం కనుక ప్రజలు దీనిని ధాత కరవు అన్నారు. రాయలసీమ, నెల్లూరు, మైసూరు, తమిళ జిల్లాలు దీనికి తీవ్రంగా గురయ్యాయి. 1878 వరకు సాగిన ఈ కరవులోను, దాని వెంట వచ్చిన కలరా, మశూచి, జ్వరాల వల్లను బ్రిటిష్ ఇండియాలో 50 లక్షలకు పైగా ప్రజలు మరణించారని అంచనా. ధాన్యం పూర్తిగా దొరకకపోవడం కాదు, దానిని కొనడానికి కూలివానికి డబ్బు లేకపోవడం ఎక్కువ ప్రాణాలు తీసింది. పొలం పని ఆగిపోతే మొదట ఆకలికి గురయ్యేది భూమిలేని మాల మాదిగలే.

ప్రభుత్వం సహాయ పనులు ప్రారంభించింది. ఐతే ఖర్చు తగ్గించాలన్న పట్టుదలతో వైస్రాయి ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, 1877 ఆరంభంలో కూలివానికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం వెల, దానిపై కొద్దిపాటి పైకం మాత్రమే కూలిగా నిర్ణయించాడు. కష్టించి పనిచేసే మనిషికి ఇది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ తీవ్రంగా అభ్యంతరం చెప్పగా, కొన్ని నెలల తరువాత కూలి పెంచారు. చాలామంది పేదలు దూరపు శిబిరాలకు వెళ్ళడానికి భయపడ్డారు. అక్కడ మేస్త్రీలు కూలిలో కోత పెడతారని, కలరా సోకితే దిక్కు ఉండదని వారి భయం. అందువలన ఎందరో ఇళ్ళవద్దనే ఉండి మరణించారు.

కాలువ తవ్వకము

మద్రాసుకు ఉత్తర దక్షిణాలుగా సముద్రతీరం వెంబడి సాగే ఉప్పునీటి కాలువను ప్రభుత్వం కరవు పనిగా పొడిగించసాగింది. నాటి మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం పేరిట దీనికి బకింగ్‌హాం కాలువ అని పేరు వచ్చింది. ఉత్తరాన పెదగంజాం నుండి దక్షిణాన మరక్కాణం వరకు దీని పొడవు సుమారు 420 కిలోమీటర్లు.

తన సంఘస్థులు ప్రభుత్వ శిబిరాలకు వెళ్ళడానికి ఇష్టపడటం లేదని గ్రహించిన క్లౌ, కాలువలో మూడున్నర మైళ్ళ భాగాన్ని తానే గుత్తకు తీసుకున్నాడు. మిషనరీ గుత్తేదారు పని చేయడం ఆనాడు వినని విషయం. రాజుపాలెం వద్ద శిబిరం ఏర్పడింది. పనివారు ఉండటానికి తాటాకుల గుడిసెలు వేయించాడు, తాగునీటికి బావులు తవ్వించాడు. తన బోధకులలో ముప్పైమందిని మేస్త్రీలుగా నియమించి, ఒక్కొక్కరి కింద సుమారు వందమందిని ఉంచాడు. పురుషులు పారలతో మట్టి తవ్వగా స్త్రీలు తట్టలతో గట్టుకు మోసేవారు. ఒక సమయంలో సుమారు మూడువేల మంది పనిలో ఉండేవారు. ఒక జట్టు కొంత సంపాదించుకొని ఇంటికి పోతే మరో జట్టు వచ్చేది. మాలమాదిగలే కాక ఇతర కులాల పేదలు కూడా ఇక్కడ పని చేశారు. పని ఇవ్వడంలో మత భేదం పాటించలేదు.

ఈ ఏర్పాటులో ముఖ్యమైన అంశం కూలి సక్రమంగా చేతికి అందడం. మేస్త్రీలు తమవారే కనుక పనివారు నిర్భయంగా వచ్చారు. మధ్యాహ్న విశ్రాంతి వేళ, సాయంత్రం పని ముగిసిన తరువాత బోధకులు పనివారితో కూర్చొని మాట్లాడేవారు. ప్రయాసపడి భారం మోసేవారిని క్రీస్తు తన వద్దకు పిలిచినట్లు మత్తయి సువార్తలో ఉన్న మాటను పదేపదే చెప్పేవారు. తలపై తట్ట మోస్తున్నవారికి ఆ మాట అర్థం చెప్పనక్కరలేకుండానే తెలిసేది. శిబిరంలో కలరా సోకి అనేకులు మరణించినా పని ఆగలేదు.

లండన్ మేయరు పిలుపుతో వసూలైన మాన్షన్ హౌస్ నిధి నుండి వచ్చిన ధనాన్ని ఒంగోలు ప్రాంతంలో పంపిణీ చేయడంలో కూడా క్లౌ పాల్గొన్నాడు.

బాప్తిస్మముల నిలిపివేత

కాలువ పని సాగుతున్నప్పుడే వందలాది జనం బాప్తిస్మం ఇమ్మని కోరారు. క్లౌ అంగీకరించలేదు. ఆకలిగొన్నవాడు అన్నం పెట్టిన చేతి మతాన్ని స్వీకరించడం సహజమని, అటువంటి విశ్వాసం కరవుతోనే పోతుందని ఆయన భయం. అన్నం కోసం చేరినవారిని ఆ రోజులలో బియ్యపు క్రైస్తవులని ఎగతాళి చేసేవారు. ఆ నింద తన సంఘానికి రాకూడదనుకున్నాడు. దీని వెనుక మరొక ఆలోచన కూడా ఉంది. క్రైస్తవ బోధ ప్రకారం ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడం, దప్పిగొన్నవానికి నీరివ్వడం షరతులు లేని బాధ్యత. మంచి సమరయుని కథలో గాయపడినవాని మతం ఏమిటని సమరయుడు అడగలేదు. సహాయానికి మతం వెల కడితే అది సహాయం కాదు, బేరం అవుతుంది. సుమారు పదిహేను నెలలపాటు ఒంగోలు మిషన్‌లో బాప్తిస్మములు జరగలేదు.

వెల్లంపల్లి

1878లో కరవు తగ్గుముఖం పట్టింది. జూన్ మధ్యలో తన బోధకులను ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లికి రమ్మని క్లౌ కబురు పంపాడు. జనాన్ని వెంట తేవద్దని ముందే చెప్పినా వేలాదిగా తరలి వచ్చారు. సహాయ ధనం అయిపోయిందని, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని, ఇళ్ళకు వెళ్ళమని ఆయన వారికి చెప్పాడు. తమకు ధనం అక్కరలేదని, బాప్తిస్మం మాత్రమే కావాలని వారు బదులిచ్చారు. ఇక నిరాకరించడానికి ఆయనకు కారణం కనిపించలేదు. ఏ ఊరివారిని ఆ ఊరి బోధకుడే విచారించి, తనకు తెలిసినవారి పేర్లు మాత్రమే రాసుకొనే పద్ధతి పెట్టాడు.

జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజులలో మొత్తం 3,536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. జూలై 3న ఉదయం ఆరు గంటలకు మొదలై, పదకొండు గంటలకు ఆగి, మధ్యాహ్నం రెండు గంటలకు తిరిగి మొదలై సాయంత్రానికి ముగిసింది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో దిగి ఈ కార్యక్రమం జరిపారు. ఆ రోజు క్లౌ తన చేతులతో ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ సంవత్సరాంతానికి కొత్తగా చేరినవారి సంఖ్య 9,606కు చేరింది. మూడువేల పైచిలుకు సభ్యులున్న ఒంగోలు సంఘం పన్నెండువేలు దాటింది. 1880 దశకంలో ఇది ప్రపంచంలోనే అతిపెద్ద బాప్టిస్టు సంఘంగా పేరు పొందింది.

విమర్శలు

ఈ వార్త అమెరికా, ఐరోపాలలో సంచలనం కలిగించింది. మెచ్చుకున్నవారితో పాటు అనుమానించినవారు, వారిలో కొందరు మిషనరీలు కూడా, ఉన్నారు. ఇంతమందిని ఇంత త్వరగా చేర్చుకోవడం తగదని, కరవు సహాయమే వారిని ఆకర్షించిందని విమర్శించారు. సహాయం పూర్తిగా ఆగిన తరువాతే బాప్తిస్మములు జరిగాయని, పేరయ్య మొదలైనవారు పదేళ్ళకు పైగా ఆ గ్రామాలలో బోధిస్తూనే ఉన్నారని క్లౌ సమాధానం.

సహాయం బాప్తిస్మానికి షరతు కాకపోయినా, కష్టకాలంలో తమ పక్షాన నిలిచినవారి జ్ఞాపకం ప్రజల నిర్ణయంపై ప్రభావం చూపలేదనడం కష్టం. దానితోపాటు అంటరానితనం నుండి బయటపడాలన్న కోరిక, పిల్లలకు చదువు దొరుకుతుందన్న ఆశ, కులమంతా ఒక్కటిగా కదిలే బంధుత్వ వ్యవస్థ కూడా కారణాలుగా చెప్పవచ్చు. ఒంగోలు చుట్టుపక్కల మాదిగలలో వచ్చిన కదలికకు పునాది వేసినది ప్రధానంగా పేరయ్య వంటి తెలుగు బోధకులే. సంఘాలు కరవుతో అంతరించక, తరతరాలుగా కొనసాగాయి.

తరువాతి జీవితము

సభ్యుల సంఖ్య బాగా పెరగడంతో 1880 దశకం ఆరంభంలో ఒంగోలు క్షేత్రం నుండి కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల విడివడి వేరు మిషన్ కేంద్రాలయ్యాయి. ఒంగోలులో ఉన్నత పాఠశాల, బాలబాలికల వసతి పాఠశాలలు, గ్రామాలలో చిన్న బడులు నడిచాయి. తాతల కాలంనుండి అక్షరం ఎరుగని కుటుంబాలనుండి మొదటి తరం ఉపాధ్యాయులు, కంపౌండర్లు, గుమాస్తాలు ఈ బడులనుండే వచ్చారు.

1893లో భార్య హేరియట్ మరణించింది. 1894లో క్లౌ, ఒంగోలులో మిషనరీగా పనిచేసిన ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహమాడాడు. ఆమె బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన విదుషీమణి. ఆమె సోదరుడు వాల్టర్ రౌషెన్‌బుష్, సమాజంలోని పేదరికాన్ని, అన్యాయాన్ని తొలగించడం క్రైస్తవుల బాధ్యత అని బోధించే సామాజిక సువార్త ఉద్యమానికి అమెరికాలో ప్రముఖ నాయకుడు. ఆయన ప్రసిద్ధ గ్రంథం 1907లో వెలువడటానికి మూడు దశాబ్దాల ముందే ఆయన బావ ఆ పనిని కాలువ గట్టున చేసి ఉండటం విశేషం.

ఆరోగ్యం క్షీణించిన కారణంగా క్లౌ 1905లో పని నుండి విరమించుకున్నాడు. 1910 నవంబర్ 24న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో మరణించాడు.

గ్రంథాలు, జ్ఞాపకాలు

క్లౌ చెప్పిన విషయాలను ఎమ్మా గ్రంథస్థం చేయగా, ఆయన ఆత్మకథ ఆయన మరణానంతరం 1914లో వెలువడింది. దాని పేరులోనే సామాజిక క్రైస్తవం అనే మాట ఉంది. అంతకు ముందు 1899లో ఎమ్మా మాదిగల జీవితం, వారి గురుపరంపరలు, నమ్మకాలను గురించి ఒక పుస్తకం ప్రచురించింది. మాదిగల నోట విని రాసిన విషయాలు ఎక్కువగా ఉండటం వలన సామాజిక చరిత్ర పరిశోధకులకు అది ఉపయోగకరమైన గ్రంథం.

ఒంగోలులోని ఒక మిషన్ ఆసుపత్రికి క్లౌ పేరు పెట్టారు. ప్రార్థన కొండ నేటికీ క్రైస్తవులకు స్మరణీయ స్థలం. బకింగ్‌హాం కాలువలో పడవల రాకపోకలు క్రమంగా అంతరించి, అనేకచోట్ల పూడిపోయింది. 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాకు ఒంగోలు ముఖ్యపట్టణమైంది. ధాత కరవునాడు ఆ తీరంలో పార, తట్ట పట్టి తవ్వినవారి పేర్లు చాలావరకు ఏ దస్తావేజులోను లేవు. ఐనా వారి కూలి డబ్బుతో బతికి బయటపడిన కుటుంబాల సంతతి ఒంగోలు పరిసర గ్రామాలలో ఉంది.